కోపానికీ బటన్‌కూ మధ్య నాలుగడుగులు

నా జబ్బు పేరేమిటని చాలామంది అడిగారు. ఆసుపత్రి చీటీ మీద రాసిన పేరు నాకు నోరు తిరగదు. మా గల్లీలో మాత్రం "సీనుకు తిక్క లేసింది" అనేవారు. నా భార్య రేణుక ఒకే మాట అడిగింది: "రోగమైతే సేటును ఎందుకు కొట్టలే?" ఆ ప్రశ్నకు ఏడాదిగా జవాబు వెతుకుతున్నాను. కొంత దొరికింది. దొరికినంత రాస్తున్నాను.

జాలి కోసం కాదు. నేను కొట్టినవాణ్ని. ఇలాంటి చెయ్యి ఉన్నవాళ్లు మా పేటల్లో ఇంకా ఉన్నారు, ఒక్కడు చదివి భయపడినా చాలు. ఇంకో కారణం నా కూతురు స్వాతి. నాకున్నది ఆ పిల్లకు అంటుకుందేమోనన్న భయంతోనే నేను వైద్యానికి పోయాను. భార్య చెయ్యి విరగ్గొట్టినప్పుడు పోలేదు. చెప్పడానికి సిగ్గుగా ఉంది, కానీ జరిగింది అదే.

ఎండాకాలం

మాది ఒక మరాఠీ ఊళ్లో, జోడ్‌భావి పేట్ అనే నేతగాళ్ల పేటలో పాత ఇల్లు. ముందు గదిలో రెండు సాంచాలు, అంటే మరమగ్గాలు. వెనక వంటిల్లు. నేను టవల్లు నేస్తాను. రేణుక వంటింట్లో చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతుంది. మా అవ్వ, అంటే అమ్మ, గుమ్మం పక్కన మంచం మీద ఉంటుంది. స్వాతి అప్పుడే పదో తరగతి పరీక్షలు రాసి ఇంట్లో ఉంది.

ఆ నెలల్లో నాకు నిద్ర పట్టడం మానేసింది. పొద్దున లేచేసరికి దవడలు నొప్పి పుట్టేవి, రాత్రంతా పళ్లు కొరుకుతున్నానట. బొడ్డు దగ్గర ఒక వేడి మొదలై గొంతు దాకా ఎక్కేది. అశోక్ చౌక్‌లో పక్కన నిలబడి చాయ్ జుర్రుకునే మనిషిని చూస్తే గ్లాసుతో సహా వాడి మూతి పగలగొట్టాలనిపించేది. ఎవరైనా చెప్పులు అడ్డంగా విడిస్తే చాలు, వాళ్ల మెడ నా చేతుల్లో ఉన్నట్టు వేళ్లు ముడుచుకునేవి. బయట మాత్రం ఎవరినీ ఏమీ అనలేదు. నూలిచ్చి నా చేత నేయించుకునే సేటు నా బట్టలో తప్పు పట్టి నలుగురిలో తిట్టినా చేతులు కట్టుకుని నిలబడ్డాను.

ఒకరోజు పడుగు తెగింది. పొద్దుటి నుంచి పోగు పోగు వెతికి ముడులు వేస్తున్నాను. మంచినీళ్లకు వంటింట్లోకి వెళ్తే రేణుక, అన్నం చల్లారిపోతోంది, అవ్వ కూడా తినకుండా కూర్చుంది, రెండు ముద్దలు తిని పొమ్మంది. అంతే. తర్వాత జరిగింది నేను అందరికీ ఇలా చెప్పేవాణ్ని: కళ్లు చీకట్లు కమ్మాయి, సాంచా ధడధడా మోగుతోంది, చూసేసరికి ఆమె కుడి మణికట్టు నా చేతుల్లో ఉంది. ఎముక విరిగిన చప్పుడు వినపడలేదు, నా అరచేతికి తెలిసింది. ఆమె నోరు తెరుచుకుని ఉంది, అరుపు మాత్రం సాంచా చప్పుడులో కలిసిపోయింది.

ఎముకల డాక్టరు దగ్గర మూడు గంటలు కూర్చున్నాం. తడి నేల మీద జారిపడ్డానని రేణుక చెప్పింది. ఆ బెంచీ మీద ఉన్న ఆడవాళ్లెవరూ నమ్మలేదు. వాచిన చేతి నుంచి గాజులు ఊడకపోతే కాంపౌండరు ఒక్కొక్కటే పగలగొట్టాడు. పక్కనున్న ముసలామె ఎవరో, మరాఠీ మనిషి, బత్తాయి ఒలిచి తొన తొన రేణుక నోట్లో పెట్టింది. నా వైపు తిరిగి కూడా చూడలేదు. ఇంటికొచ్చాక పక్కిళ్ల ఆడవాళ్లు ముగ్గురు రేణుక వంతు బీడీ ఆకును పంచుకుని తీసుకెళ్లి, కట్టు విప్పేదాకా ఆమె బదులు బీడీలు చుట్టారు. వాళ్లూ నాతో మాట్లాడలేదు. నేనేదో అన్యాయం జరిగినవాడిలా మూతి ముడుచుకుని తిరిగాను.

వానలు మొదలయ్యాక

నాతో చిన్నప్పటి నుంచి సాంచాలు నడిపిన మిలింద్ ఉన్నాడు, బౌద్ధుడు. విషయం తెలిసి తిట్టాడు, తర్వాత తమ బస్తీలోని బౌద్ధ విహారానికి తీసుకెళ్లాడు. అక్కడి భంతే, అంటే భిక్షువు, ఒకప్పుడు బస్సు కండక్టరు. సోడాబుడ్డి కళ్లద్దాలు, తక్కువ మాటలు. కళ్లు మూసుకుని కూర్చో, వేడి వస్తే వస్తోందని చూడు, తోసెయ్యకు, దాని వెంట పోకు, అది ఎంతసేపు ఉంటుందో చూడు అన్నాడు. కోపం కూడా పుట్టి, కాసేపుండి, పోయేదే, దానికి లోపల యజమాని ఎవరూ లేరన్నాడు.

మొదటివారం కూర్చుంటే ఒళ్లంతా చీమలు పాకాయి. భంతేను కూడా కొట్టాలనిపించింది. మూడోవారానికి నిజంగానే వేడి బొడ్డు దగ్గర లేచి, రొమ్ము దాకా వచ్చి, దిగిపోవడం చూశాను. ఇంత వయసులో మొదటిసారి. ఏడుపొచ్చింది. రెండు నెలలు ఇంట్లో కేక కూడా వెయ్యలేదు.

అప్పుడే నాకు పొగరెక్కింది. చౌక్‌లో చాయ్ తాగేవాళ్లందరికీ శ్వాస గురించి చెప్పడం మొదలుపెట్టాను. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారే, అట్లా. ఒకరోజు రేణుక, ఆకు కొసను గోటితో మడిచినప్పుడల్లా మణికట్టు గుంజుతోందని చెప్పింది. నేను కళ్లు సగం మూసి, కొట్టినవాడు ఆ క్షణంతోనే పోయాడు, ఇప్పుడున్నవాడు వేరు, నువ్వే పాతది పట్టుకుని వేలాడుతున్నావని అన్నాను. రేణుక నన్ను చూసి నవ్వింది. "మంచిగ దొరికింది నీకు. కొట్టినోడు లేడు. కొట్టిచ్చుకున్నదైతే ఈడనే ఉన్నది," అంది. ఆ నవ్వుకు నాలో వేడి లేచింది. చూస్తున్నానని అనుకున్నాను. నిజానికి మూతపెట్టాను. అప్పటి నుంచి ప్రతిరోజూ పెడుతూనే వచ్చాను.

శ్రావణం

నారళీ పున్నమికి, అంటే రాఖీ పున్నమికి, మార్కండేయ రథం ఊరేగే రోజులు. గల్లీ అంతా సందడి. స్వాతి కాలేజీలో చేరింది, స్నేహితురాళ్లతో రథం చూడడానికి పోతానంది. వద్దన్నాను. రేణుక పంపుదామంది. నేను వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నాను, చేతిలో నాడె ఉంది. నాడె అంటే పడుగు మధ్య నుంచి అటూ ఇటూ ఎగిరే కొయ్య, రెండు కొసలకూ ఉక్కు ములుకులుంటాయి. కరెంటు పోయి వచ్చింది కాబట్టి సాంచాలు ఆగి ఉన్నాయి. ఇంట్లో మా మాటలు తప్ప ఏ చప్పుడూ లేదు.

నా గొంతు పెరిగింది. వెంటనే వెనక సాంచా మోగడం మొదలైంది. నేను నాడెను విసిరాను. అది రేణుక చెవి పక్కనుంచి పోయి గోడకు తగిలి సున్నం రాలింది. చెంప మీద ఎర్రటి గీత లేచి అందులోంచి రక్తం కారింది. రెండు వేళ్లు ఇవతలైతే కన్ను పోయేది. ఆమె జుట్టు పట్టుకోవడానికి ముందుకు అడుగు వేశాను. రేణుక నన్ను చూడడం లేదు. నా భుజం మీదుగా ముందు గదిలోకి చూస్తోంది. వెనక్కి తిరిగాను.

స్వాతి సాంచా పక్కన నిలబడి ఉంది. వేలు ఇంకా స్టార్టర్ బటన్ మీదే ఉంది. మొహంలో భయం లేదు, ఏడుపు లేదు. బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టినట్టు, ఇంట్లో తన వంతు పని తాను చేసినట్టు ఉంది. అది చూసి, జుట్టు కోసం చాచిన చెయ్యి దించేశాను.

రేణుక కొంగుతో చెంప అదుముకుని బట్టలు సర్దింది. గడపలో ఒక్కసారి ఆగింది.

"ఇన్నొద్దులు కొట్టే ముందట పోయి సాంచా బటన్ నువ్వే ఒత్తుతుంటివి, మంది ఇనొద్దని. ఇయ్యాల నా బిడ్డ ఒత్తింది. ఇగ ఈ ఇంట్ల ఉండ."

నేనెప్పుడు ఒత్తానని అరిచాను. నిజంగానే నాకు తెలియదు. గుమ్మం నుంచి సాంచా దాకా నాలుగడుగులు. పోయి, ఒత్తి, తిరిగొచ్చి కొడతానట, ప్రతిసారీ. వాళ్లిద్దరూ కుంభారిలో ఉన్న రేణుక అన్న ఇంటికి వెళ్లిపోయారు. నేను ముందు గదిలోకి పోయి కుడిచేతి పిడికిలిని సాంచా ఇనుప చట్రానికేసి కొట్టాను. చర్మం ఊడి తెల్లటిది కనపడేదాకా కొట్టాను. మా అవ్వ మంచం దిగి, పాక్కుంటూ వచ్చి నా కాళ్లు పట్టుకునేదాకా ఆపలేదు.

చేతికి కట్టు కట్టిన సర్కారు ఆసుపత్రివాళ్లే మనసు డాక్టర్ల విభాగానికి పంపారు. అక్కడి వరండాలో నాలుగు మంగళవారాలు కూర్చున్నాను. ఒకతను గోడతో మాట్లాడేవాడు. ఒకామె తన కొడుకును చున్నీతో తన నడుముకు కట్టేసుకుని కూర్చునేది. ఆ కొడుక్కి ముప్పై ఏళ్లుంటాయి. ఊడ్చే ఆమె నా దగ్గరికొచ్చినప్పుడు కాళ్లు ఎత్తమని గద్దించకుండా చుట్టూ ఊడ్చి పోయేది. అవ్వ కర్ర పట్టుకుని నాతో వచ్చి, నా కాగితాల సంచి ఒళ్లో పెట్టుకుని పక్కనే ఉండేది. మాత్రలతో నిద్ర వచ్చింది, దవడ వదులైంది. మాత్రలు మానొద్దు, నేను మధ్యలో మానేసి పదిరోజులు నరకం చూశాను. కానీ స్వాతి వేలు మాత్రం కళ్ల ముందు నుంచి పోలేదు. అది చెబితే అక్కడి డాక్టరు నన్ను తన గురువు దగ్గరికి పంపాడు.

దసరా తర్వాత

ఆమెను అందరూ డాక్టర్ బాయి అంటారు. డెబ్భై దాటింది, ఇంట్లోనే ఒక గదిలో చూస్తుంది. ఆమె చేసేదాన్ని మనోవిశ్లేషణ అంటారట. కుర్చీలో వెనక్కి వాలి పైకప్పు చూస్తూ నోటికి ఏది వస్తే అది చెప్పాలి, ఆమె మనకు కనపడకుండా పక్కన కూర్చుంటుంది. సాంచాల దగ్గర బతికినవాణ్ని, నాకు చెవులు మందం, మాట్లాడితే అరుపే. మొదటిరోజే అది గమనించి తన కుర్చీని నాకు బాగా వినపడే చెవి వైపుకు జరుపుకుంది. నన్ను మెల్లగా మాట్లాడమనలేదు.

నెలన్నర నేను రేణుక తప్పులు చెప్పాను, సేటును తిట్టాను. ఆమె వింది. ఒకరోజు కళ్లు చీకట్లు కమ్మడం గురించి మళ్లీ మొదలుపెడితే మరాఠీలో అడిగింది: "కళ్లు కనపడనివాడు నాలుగడుగులు నడిచి, బటన్ వెతికి ఒత్తి, తిరిగి రాలేడు కదా. ఆ నడిచేది ఎవరు?"

పక్కనున్న బల్లను తన్నాను. నీళ్ల గ్లాసు పగిలి గదంతా పెంకులు. ఈ ముసలిదాని గొంతు నొక్కితే ఎంతసేపు పడుతుందని నా బుర్ర లెక్క వేసింది, అబద్ధం చెప్పను. ఆమె కాళ్లు పైకి పెట్టుకుని, ఇంకా సమయముంది, కూర్చో అంది. ఆ పెంకుల మధ్యే మిగతా సమయం కూర్చున్నాను.

అక్కడి నుంచి నేరుగా విహారానికి పోయి భంతే మీద పడ్డాను. లోపల ఎవరూ లేరని నువ్వంటావు, నాకు తెలియని ఇంకొకడు ఉన్నాడని ఆమె అంటుంది, నా ఒక్క ఒంట్లో ఇంతమంది ఏమిటని అరిచాను. నీ మాట విన్నందుకే నా సంసారం పోయిందన్నాను. ఆయన నా చేతి మీది మచ్చలు చూసి చాయ్ పెట్టించాడు. తర్వాత అన్నాడు: "కోపానికి యజమాని లేడన్నాను. దెబ్బకు లేడని ఎప్పుడన్నాను?"

చూడమంటే నువ్వు మొహం తిప్పుకుని దాన్నే చూడడం అనుకున్నావని కూడా అన్నాడు. డాక్టర్ బాయి దగ్గరికి పోవడం మానొద్దన్నాడు. తర్వాతి వారం ఈ మాటలు బాయికి చెప్పాను. విహారంలో కూర్చోవడమూ మానకు, కూర్చోలేనివాడికి చెప్పడం కూడా రాదంది.

వాళ్లిద్దరూ ఒకరినొకరు ఎప్పుడూ చూడలేదు. ఇటు మాట అటు, అటు మాట ఇటు మోసింది నేనే. చదువుకున్నవాళ్లు దీని మీద పుస్తకాలు రాసే ఉంటారు. నాకు తెలిసింది ఇంతే. నేను నేనని రొమ్ము చరుచుకునేవాడు ఇంటి యజమాని కాడని ఇద్దరూ అంటారు. అక్కడి నుంచి దారులు వేరు. భంతే వచ్చినదాన్ని పట్టుకోకుండా పోనిమ్మంటాడు. బాయి దాన్ని పట్టుకుని, ఎక్కడిదని అడిగి, పేరు పెట్టమంటుంది. నేను పేరు తెలియకుండా పోనిచ్చాను, అది పోలేదు. పేరు కోసం తవ్వినప్పుడు కూర్చోవడం రాక బల్లను తన్నాను. నాకు రెండూ కావాల్సి వచ్చాయి. ఒకటి చాలినవాళ్లు అదృష్టవంతులు.

చలి మొదలయ్యాక

వారానికి ఒకరోజు మా పేటలో కరెంటు ఉండదు. ఆరోజు సాంచాలన్నీ ఆగి, గల్లీలో పిల్లల ఏడుపులు, గిన్నెల చప్పుళ్లు వినపడతాయి. అలాంటి ఒక మధ్యాహ్నం నేను ముందు గదిలో కూర్చుని ఆ నాలుగడుగులనే చూశాను. గుమ్మం దగ్గర నిలబడ్డట్టు, వేడి లేచినట్టు, కాలు కదిలినట్టు. దాని వెంట పోకుండా చూశాను. వేలి కొసకు చల్లటి ఇనుము తగిలింది. కానీ ఆ బటన్ ఇప్పటిలా నా రొమ్ము ఎత్తులో లేదు, తలకంటే పైన ఉంది. కాళ్ల కింద నూలు డబ్బా ఉంది, దాని మీద ఎక్కి మునివేళ్ల మీద నిలబడ్డాను. వెనక వంటింట్లో మా నాయిన ఎవరినో కొడుతున్నాడు.

కళ్లు తెరిచి అవ్వను అడిగాను. చిన్నప్పుడు సాంచా చాలు చేసేది, అంటే ఒత్తి నడిపించేది, నేనా అని. అవ్వ దగ్గర అబద్ధం లేదు.

"నేనే చెప్తుంటి. మీ నాయిన చెయ్యి లేపంగనే, సీనూ, సాంచా చాలు జెయ్ బిడ్డా అని. మంది ఇంటే ఇజ్జత్ పోతదని. ఏడేండ్లోనివి నువ్వు. చెప్పకముందుకే ఉరుకుతుంటివి."

కాసేపాగి, మంచి పిల్లగానివి, అంది.

ఆ మాటకు నాలో లేచింది కోపం కాదు, అంతకంటే పెద్దది. మంచం మీది ఆ ముసలి ప్రాణాన్ని ఎత్తి గోడకేసి కొట్టాలనిపించింది. చచ్చిన నాయినను తవ్వి తీసి కొట్టాలనిపించింది. నా కాలు సాంచా వైపు పడింది. ఒకటి, రెండు, మూడు. మూడో అడుగు దగ్గర నాకు తెలిసింది, నేను నడుస్తున్నానని. అక్కడే నిలబడి అరిచాను. మాటలు లేవు, ఉత్త అరుపు. చప్పుడు లేని గల్లీలో అది అందరికీ వినపడింది. పక్కింటివాళ్లు, ఎదురింటివాళ్లు వచ్చి గడపలో నిలబడ్డారు. మా ఇంటి లోపలిది బయటివాళ్లు వినడం నలభై ఏళ్లలో అదే మొదటిసారి. అవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. నేను నేల మీద కూర్చుంటే పక్కింటి పెద్దమ్మ, ఎండాకాలంలో నాతో మాట్లాడనిది, నీళ్లు తెచ్చి ఇచ్చింది.

సంక్రాంతి గడ్డా జాతర అయిపోయాక

మరుసటి నెల రేణుక, స్వాతిల దగ్గరికి పోతానంటే భంతే పొమ్మన్నాడు, బాయి తొందరపడొద్దంది. పోయాను. కుంభారికి బస్సులో పోతూ చెప్పాల్సింది నోట్లో వల్లెవేసుకున్నాను. నాకు తెలిసింది స్వాతికి చెబితే ఆ పిల్ల వేలును బటన్ నుంచి విడిపించినట్టేనని నమ్మకం.

బావ ఇంట్లో రేణుక గుమ్మం దగ్గరే బీడీలు చుడుతోంది. చెంప మీద మచ్చ పడింది. లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు. తలుపు బార్లా తీసే ఉంది, వరండాలో పొరుగు ఆడవాళ్లు నలుగురు చాటలతో కూర్చున్నారు. స్వాతి నా ఎదురుగా నేల మీద కూర్చుంది.

అంతా చెప్పాను. నూలు డబ్బా, నాయిన, అవ్వ చెప్పిన మాట. మంది వినొద్దని నా చేత చేయించారు, నేను నీ చేత చేయించాను, అది నీ తప్పు కాదు, దాన్ని ఇక్కడితో వదిలెయ్యమన్నాను. చాలా బాగా చెప్పాననుకున్నాను.

స్వాతి తల అడ్డంగా ఊపింది.

"మంది ఇనొద్దని కాదు పప్పా. అమ్మ ఒర్లేది, ఏడ్చేది నాకు ఇనబడొద్దని ఒత్తిన."

ఏడేళ్లప్పుడు చెప్పకముందే నేనెందుకు ఉరికానో అప్పుడు తెలిసింది. ఇన్ని నెలలు కూర్చుని చూసినా, కుర్చీలో వాలి చెప్పినా నాకు అందనిది అది. రేణుక చేతులు చాట మీద ఆగిపోయాయి.

ఏమేం ఇనబడ్డదో చెప్పు, నేను ఇంటా, అన్నాను.

స్వాతి తల్లి వైపు చూసింది. రేణుక చాట పక్కన పెట్టింది. స్వాతి మూడో తరగతి నుంచి మొదలుపెట్టింది. ఏ పండుగరోజు, ఏ కూర వండిన రోజు, తల్లి ఏ మాట అన్నది, నేను ఏ చేత్తో. గొంతు తగ్గించలేదు. వరండాలో ఆడవాళ్లు చుట్టడం ఆపేసి విన్నారు. మధ్యలో రెండుసార్లు, అబద్ధం, నోరు మూసుకో అనబోయాను, నా కుడిచెయ్యి లేచింది. దాన్ని తొడ కింద పెట్టి, దాని మీద కూర్చున్నాను. స్వాతి అది చూసింది. చూసి, ఆపకుండా చెబుతూనే పోయింది.